ఒక్క ఫ్యోర్డ్, పది దేశాల డేటా: ప్రాజెక్టు డైరీ

మార్చి

ధ్రువ ప్రాంతాల పర్యావరణ డేటా ఎవరికి కావాలన్నా ఒక్క చోట వెతికితే దొరకాలి. మా చిన్న బృందం పెట్టుకున్న గురి ఇది. ఆ పనంతా ఒకేసారి నెత్తినేసుకోకుండా ముందు ఒక్క ఫ్యోర్డ్‌ని, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయని, పట్టుకున్నాం. ఆర్కిటిక్‌లో నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, స్పిట్స్‌బెర్గెన్ అనే దీవి పడమటి తీరాన ఉన్న కాంగ్స్‌ఫ్యోర్డెన్ అది.

దాని దక్షిణపు ఒడ్డున, దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, నీ ఓలెసుండ్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు. 1962 నవంబరులో గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. ఆ తర్వాత తవ్వకం ఆగిపోయింది. ఇప్పుడు అక్కడున్నవన్నీ పరిశోధనా కేంద్రాలే: నార్వే, జర్మనీ-ఫ్రాన్సుల ఉమ్మడి కేంద్రం, ఇటలీ, బ్రిటన్, జపాన్, దక్షిణ కొరియా, చైనా, నెదర్లాండ్స్. మన భారత కేంద్రం హిమాద్రి కూడా 2008 జూలై నుంచి అక్కడే ఉంది.

ఈ ఫ్యోర్డే ఎందుకంటే, దీని ముఖద్వారం దగ్గర అడ్డంగా సముద్రగర్భపు గట్టు లేదు. వెస్ట్ స్పిట్స్‌బెర్గెన్ ప్రవాహం మోసుకొచ్చే వెచ్చటి అట్లాంటిక్ నీరు తేలిగ్గా లోపలికి వచ్చేస్తుంది. 2006 శీతాకాలంలో అలా పెద్దగా వచ్చింది. అప్పటినుంచి ఫ్యోర్డ్‌లో చలికాలపు సముద్రపు మంచు బాగా తగ్గింది. ఆ మార్పు ఎలా జరిగిందో చూడాలంటే నీరు, గాలి, సూర్యుడి రేడియేషన్, హిమానీనదం నాలుగూ పక్కపక్కన పెట్టుకోవాలి. కొలతలు లేక కాదు, కావలసినన్ని ఉన్నాయి. కానీ ఒక్కోటి ఒక్కో దేశపు సర్వర్లో, ఒక్కో ఫార్మాట్‌లో, ఒక్కో పేరుతో ఉంది.

తెలుగు చదువరులకు ఇందులో దగ్గరి సంగతి ఒకటుంది. 2014 జూలైలో ఈ ఫ్యోర్డ్‌లో, సుమారు 190 మీటర్ల లోతున్న చోట, భారత్ తన మూరింగ్‌ని దించింది. పేరు ఇండ్‌ఆర్క్. లంగరు వేసిన తీగకి రకరకాల లోతుల్లో పరికరాలు కట్టి నీళ్లలో నిలబెడతారు. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థలతో పాటు మన హైదరాబాదులో సముద్ర సమాచారం అందించే సంస్థ ఇన్‌కాయిస్‌కీ ఈ మూరింగ్‌లో భాగం ఉంది. ఆర్కిటిక్‌కీ మన రుతుపవనాలకీ ఉన్న సంబంధాన్ని పరిశోధించేవాళ్లకి ఆ నీటి ఉష్ణోగ్రతల వరస బంగారం. దాని పక్కన అవే రోజుల రేడియేషన్, అవే రోజుల గాలి పెట్టి చూసే వీలు ఒక పీహెచ్‌డీ విద్యార్థికి ఒక్క పూటలో దొరకాలి. ఇవాళ దొరకడం లేదు.

ఏప్రిల్

మొదటి నిర్ణయం: డేటాని కదపం. ఎవరి ఫైళ్లు వాళ్ల సర్వర్లోనే ఉంటాయి. మన దగ్గరికి వచ్చేది వాటి వివరాలు, అంటే మెటాడేటా మాత్రమే. ఏం కొలిచారు, ఎక్కడ, ఎంత ఎత్తులో, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏ పరికరంతో, ఎవరిని అడగాలి, ఏ లైసెన్సు.

స్వాల్‌బార్డ్‌కి సంబంధించి సియోస్ అనే అంతర్జాతీయ సమాఖ్య ఇప్పటికే ఈ పద్ధతిలోనే నడుస్తోంది. మేం కొత్త దారి తొక్కడం లేదు. సియోస్ లాంటివి వివరాల్ని ఒకచోటికి చేరుస్తాయి. అలా చేరిన వివరాలు ఒకదానితో ఒకటి పొసగని చోట్లు పట్టుకుని సరిపోల్చే పొర ఒకటి కట్టడం మా పని.

సామగ్రి సాదాసీదాదే. సూచికల నుంచి మెటాడేటా తెచ్చుకునే ప్రామాణిక పద్ధతి ఓఏఐ-పీఎంహెచ్ ద్వారా రోజూ రాత్రి కొత్త రికార్డులు తెచ్చుకుంటాం. వచ్చినవి డిఫ్, ఐఎస్ఓ 19115 అనే మెటాడేటా రూపాల్లో దేనిలో ఉన్నా మా లోపలి రూపంలోకి మారుస్తాం. నిల్వకి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దానిమీద పటాల పనికి పోస్ట్‌జీఐఎస్. అసలు అంకెలు కావలసి వస్తే ఓపెన్‌డాప్ అనే పద్ధతి ద్వారా ఆ సర్వర్ నుంచే కావలసినంత ముక్క అడుగుతాం. శాస్త్ర డేటాకి వాడే నెట్‌సీడీఎఫ్ ఫైలు, పేర్లూ యూనిట్లూ ఎలా రాయాలో చెప్పే సీఎఫ్ నియమాల ప్రకారం రాసి ఉంటే ఈ దారంతా నల్లేరు మీద బండి నడకే. సగం ఫైళ్లు అలా లేకపోవడం వల్లే ఈ డైరీ ఇంత పొడుగైంది.

ఒకే డేటాసెట్ రెండు మూడు సూచికల్లో కనబడటం ఇంకో తలనొప్పి. డీఓఐ, అంటే డేటాసెట్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, ఉంటే అవన్నీ ఒకటేనని తేల్చడం సులువు. లేనప్పుడు స్థలం, కాలం, కొలిచిన అంశం, సంస్థ నాలుగూ సరిపోలితే "ఇవి ఒకటే కావచ్చు" అని గుర్తు పెట్టి మనిషికి చూపిస్తున్నాం. యంత్రాన్ని దానంతట అది కలపనివ్వడం లేదు. రెండు వేర్వేరు వరసల్ని ఒకటిగా కలిపేస్తే తర్వాత విడదీయడం దాదాపు అసాధ్యం.

మే

నెలంతా పేర్లతోనూ ఎత్తులతోనూ గడిచింది.

"నీ ఓలెసుండ్ గాలి ఉష్ణోగ్రత" అని వెతికితే బోలెడు వరసలొచ్చాయి. అన్నిటికీ స్థలం పేరు ఒకటే. ఒకటి ఊళ్లో, సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్న వాతావరణ కేంద్రానిది. ఇంకొకటి ఊరి వెనక జెప్పెలిన్ కొండ మీద, సుమారు 470 మీటర్ల ఎత్తున ఉన్న అబ్జర్వేటరీది. మరికొన్ని ఇటలీవాళ్ల 34 మీటర్ల క్లైమేట్ చేంజ్ టవర్ మీద వేర్వేరు అంతస్తుల్లో కొలిచినవి.

మామూలుగా పైకెళ్లేకొద్దీ చల్లబడాలి. ధ్రువ రాత్రిలో ఇది తరచుగా తిరగబడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలకపోతే నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. చల్లటి గాలి కిందే పేరుకుంటుంది, కొండమీద వెచ్చగా ఉంటుంది. కాబట్టి ఎత్తు చెప్పకుండా "నీ ఓలెసుండ్‌లో జనవరి ఉష్ణోగ్రత" అనడానికి అర్థమే లేదు. రెండు వరసల్ని తెలియక కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఏ చోటిదీ కాదు.

అందుకని ఒక నియమం పెట్టాం. సముద్ర మట్టం నుంచి స్థలం ఎత్తు ఒకటి, నేల నుంచి పరికరం ఎత్తు ఒకటి. ఈ రెండూ లేని గాలి డేటాసెట్‌కి సూచికలో చోటుంటుంది, పోలికలో ఉండదు. మంచు పేరుకునే కొద్దీ దాని పైభాగం నుంచి పరికరం ఎత్తు తగ్గుతూ పోతుంది కాబట్టి, మంచు లోతు కొలత కూడా ఉంటే దానికి లంకె పెడుతున్నాం.

నీటి వైపు లవణత, అంటే నీటిలో ఉప్పు ఎంతుందన్న లెక్క, సంగతి ఇంకా సున్నితం. పాత పద్ధతి ప్రాక్టికల్ లవణతకి యూనిట్ లేదు. 2010లో వచ్చిన టియోస్-10 ప్రమాణం వాడేది అబ్సల్యూట్ లవణత, కిలో నీటికి ఇన్ని గ్రాములని. ప్రామాణిక సముద్రజలానికి మొదటి లెక్కలో 35 అయితే రెండో లెక్కలో సుమారు 35.165 వస్తుంది. తేడా 0.165. మూరింగ్ సెన్సర్ల ఖచ్చితత్వంతో పోలిస్తే ఇది కొండంత. అట్లాంటిక్ నీటినీ ఫ్యోర్డ్ సొంత నీటినీ విడదీసే గీతలు కూడా లవణతలో దశాంశ స్థానాల్లోనే ఉంటాయి. 2010కి ముందు వరస ఒక లెక్కలోనూ తర్వాతి వరస ఇంకో లెక్కలోనూ ఉండి, శీర్షికలో రెంటికీ ఒట్టి "లవణత" అని ఉంటే, వాటిని అతికించినవాళ్లకి అట్లాంటిక్ నీరు హఠాత్తుగా పెరిగినట్టు కనబడుతుంది. సముద్రంలో ఏమీ జరగలేదు, లెక్క మాత్రం మారింది.

సీఎఫ్ ప్రామాణిక పేర్లలో ఈ రెండింటికీ వేర్వేరు పేర్లున్నాయి. ఫైలులో ఆ పేరు ఉంటే సరే. లేకపోతే మేం ఊహించం, డేటా యజమానికి ఉత్తరం రాస్తాం. నిదానమైన పని. అయినా దీన్ని వదలదలుచుకోలేదు.

జూన్

గడియారాలు.

నీ ఓలెసుండ్ చుట్టూ 20 కిలోమీటర్ల దాకా రేడియో నిశ్శబ్దం పాటిస్తారు. ఎంతో దూరాన ఉన్న గెలాక్సీల ప్రకాశవంతమైన కేంద్రాలైన క్వాజార్ల నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతాల్ని పట్టే రేడియో టెలిస్కోపులు అక్కడున్నాయి. 2 నుంచి 32 గిగాహెర్ట్జ్ మధ్య ఏదీ ప్రసారం చేయకూడదు. అంటే వైఫై లేదు, బ్లూటూత్ లేదు. ఊరికి ఫైబర్ కేబుల్ వచ్చింది, భవనాల్లో నెట్‌కి లోటు లేదు. బయట మంచులో కొలతల్ని నమోదు చేసే చిన్న పెట్టెలు, లాగర్ల దగ్గరికి మాత్రం మనిషే వెళ్లి, కేబుల్ తగిలించి, లాప్‌టాప్‌లోకి దించుకోవాలి. ఆ పని చేసే లాప్‌టాప్‌లో ఏ సమయం ఉంటే చాలాసార్లు లాగర్‌కీ అదే ఎక్కుతుంది. అది ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీ కావచ్చు, నార్వే వేసవి సమయం కావచ్చు, ఇంటి సమయం కూడా కావచ్చు.

ఫైలు పైన "సమయం" అని మాత్రమే ఉంటే ఏది నమ్మాలి? సూర్యుణ్ని అడగడమే మేలనుకున్నాం.

నీ ఓలెసుండ్ రేఖాంశం దాదాపు 11.9 డిగ్రీల తూర్పు. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడి సౌర మధ్యాహ్నం యూటీసీలో సుమారు 11 గంటల 12 నిమిషాలకి వస్తుంది, ఏడాది పొడుగునా పావుగంట అటూ ఇటూగా. అర్ధరాత్రి కూడా సూర్యుడు అస్తమించని కాలంలోనూ, అంటే ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు చివరి దాకా, రేడియేషన్ సున్నాకి దిగకపోయినా మధ్యాహ్నం శిఖరం మాత్రం ఉంటుంది. మబ్బులేని రోజులు ఏరి, ఆ శిఖరం ఎక్కడుందో చూస్తే గడియారం గుట్టు తెలుస్తుంది. 11:12 దగ్గరుంటే యూటీసీ. 13:12 దగ్గరుంటే నార్వే వేసవి సమయం. 16:42 దగ్గరుంటే అది భారత కాలమానమే.

ఈ పరీక్ష రాసి రేడియేషన్ సెన్సర్ ఉన్న ప్రతి వరస మీదా నడిపాం. తెరమీద ఆ వంపులు ఒకదానిమీద ఒకటి పడుతుంటే, వాటిలో ఒకటి సరిగ్గా రెండు గంటలు పక్కకి జరిగి నిలబడటం చూశాను. ఫైలు శీర్షికలో మాత్రం యూటీసీ అనే ఉంది. ఆ వరస యజమానికి గ్రాఫు పంపాం. రెండో రోజే జవాబొచ్చింది, శీర్షిక దిద్దారు. ఇంతకాలం ఎంతోమంది వాడిన వరస అది.

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడే ఉదయించడు కాబట్టి ఈ పరీక్ష పనికిరాదు. నీటి లోపలి పరికరాలకీ పనికిరాదు. వాటి విషయంలో ఆటుపోట్ల మీద ఆధారపడుతున్నాం. చంద్రుడి వల్ల వచ్చే ప్రధాన పోటు 12 గంటల 25 నిమిషాలకోసారి వస్తుంది. మూరింగ్ ప్రెషర్ సెన్సర్లో అది చక్కగా కనబడుతుంది. తీరంలోని పోటు కొలమానంతో పోలిస్తే గడియారం తేడా బయటపడుతుంది. ఈ రెండో పరీక్ష ఇంకా ముడి దశలోనే ఉంది.

జూలై

ఖాళీలు, జెండాలు. జెండా అంటే ఒక కొలత ఎంత నమ్మదగిందో చెప్పే గుర్తు.

కొలత లేని చోట కొందరు -9999 రాస్తారు, కొందరు -99 రాస్తారు, కొందరు ఖాళీ వదిలేస్తారు. వేరే చోట్ల -99 అంటే ఎవరూ ఉష్ణోగ్రత అనుకోరు. అంటార్కిటికాలో 1983 జూలై 21న వోస్తోక్ కేంద్రంలో -89.2 డిగ్రీలు నమోదైంది. ఇంకో పది డిగ్రీలే దూరం. ఈ వ్యవస్థని రేపు దక్షిణానికి తీసుకెళ్తాం కాబట్టి, "ఇంతకన్నా తక్కువైతే కొట్టెయ్" అనే నియమం ఏదీ కోడ్‌లో ఉండకూడదని తీర్మానించాం.

నా ఈ పట్టుదలకి కారణం ఓజోన్ చరిత్ర. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికాలోని హాలీ కేంద్రంలో నేల మీదినుంచి, ఓజోన్‌ని కొలిచే డాబ్సన్ పరికరంతో ఏళ్ల తరబడి తీసిన కొలతలతో ఓజోన్ తరుగుదలని లోకానికి చూపించారు. అప్పటికే పైన ఉపగ్రహం కూడా ఓజోన్‌ని కొలుస్తోంది. దాని డేటా శుద్ధిలో 180 డాబ్సన్ యూనిట్ల కన్నా తక్కువ విలువలకి "అనుమానం" అని జెండా పడుతుండేది. కానీ ఆ విలువల్ని చెరిపెయ్యలేదు. అందువల్లే వెనక్కి వెళ్లి చూస్తే ఓజోన్ రంధ్రం మొత్తం పటంలో కనబడింది. చెరిపేసి ఉంటే ఏం మిగిలేది?

అందుకే మా వ్యవస్థలో ఏ విలువనీ తొలగించం. పక్కన జెండా పెడతాం, జెండా ఎందుకు పెట్టామో రాస్తాం, అంతే. శీతాకాలంలో గాలి వేగం వరుసగా గంటల తరబడి సరిగ్గా 0 అని వచ్చిందనుకోండి, గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్ కప్పులకి మంచు పట్టి తిరగడం ఆగిపోయి ఉండొచ్చు. నిజంగానే గాలి లేకపోయి ఉండొచ్చు కూడా. ఏదో తేల్చాల్సింది ఆ డేటా వాడే శాస్త్రవేత్త. పక్క టవర్ మీద ఆ సమయంలో ఏముందో చూపించడం మా బాధ్యత.

జెండాల్లోనూ చిక్కుంది. సముద్ర డేటాకి అంకెల జెండాలిచ్చే పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి. సీడేటానెట్ పద్ధతిలో 2 అంటే "బహుశా మంచిదే". క్వార్టాడ్ పద్ధతిలో 2 అంటే "పరీక్షించనే లేదు". సీడేటానెట్ 4, క్వార్టాడ్ 4 మాత్రం రెండూ చెడ్డవే. అంకె ఒకటే కదా అని కలిపేస్తే పరీక్షించని విలువలన్నీ మంచివాటి పక్కన కూర్చుంటాయి. కాబట్టి మూలంలోని జెండాని అలాగే ఉంచి, ఏ పద్ధతి జెండా అన్నది కూడా రాసి, పక్కన మా పట్టికలోని ఉమ్మడి అర్థాన్ని ఇస్తున్నాం. మూడు కాలమ్‌లు అవుతున్నాయని బృందంలో ఒకరు విసుక్కున్నారు. అవనీ.

ఆగస్టు

దక్షిణంలో ఓ చిన్న పరీక్ష. అంటార్కిటికా రికార్డులు కొన్ని తెచ్చి అదే యంత్రంలో పెట్టాం.

అక్కడి భారత కేంద్రాలు మైత్రి, భారతిల రికార్డులు ఇబ్బంది లేకుండా వచ్చాయి. రాస్ సముద్రం దగ్గర ఆగింది. రాస్ సముద్రం 180 డిగ్రీల రేఖాంశానికి అటూ ఇటూ ఉంటుంది. పడమటి హద్దు 160 తూర్పు, తూర్పు హద్దు 150 పడమర అని పెట్టి, రెండోదాన్ని -150గా రాస్తే, మామూలు ప్రోగ్రాము చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా పెట్టె గీస్తుంది. అంటే రాస్ సముద్రం తప్ప మిగతా భూగోళం చుట్టూ! అలా గీసిన రికార్డులు కొన్ని మూల సూచికల్లోనే ఉన్నాయి. మన మైత్రి చుట్టూ వెతికితే రాస్ సముద్రపు పెంగ్విన్ లెక్కలు రావడానికి కారణం అదే.

ధ్రువం చుట్టూ అక్షాంశ రేఖాంశాల పెట్టెలు వాడటమే సరికాదని నా అభిప్రాయం. 85 డిగ్రీలు దాటితే రేఖాంశాలన్నీ ముడుచుకుపోయి పక్కపక్కనే వచ్చేస్తాయి. కాబట్టి గుండ్రటి భూమిని ధ్రువం నడుమ ఉండేలా చదునుగా పరిచే ధ్రువ ప్రొజెక్షన్లలో (దక్షిణానికి ఈపీఎస్‌జీ జాబితాలో 3031, ఉత్తరానికి 3413) మీటర్లలోనే వెతుకుతున్నాం. పెట్టెల్ని ఆ ప్రొజెక్షన్‌లోకి మార్చేముందు అంచుల వెంట దగ్గర దగ్గరగా బిందువులు చేర్చాలి. నాలుగు మూలల్ని మాత్రమే మారిస్తే వంపు తిరగాల్సిన అంచు తిన్నటి గీతై ధ్రువాన్నే బయటికి నెట్టేస్తుంది. పోస్ట్‌జీఐఎస్‌లో దీనికి కావలసిన ఫంక్షన్ ఉంది. చిన్న మార్పు, ఫలితం మాత్రం గొప్పగా ఉంది.

సెప్టెంబరు

ఈ నెల కోడ్ తక్కువ, మాటలు ఎక్కువ.

1959 అంటార్కిటిక్ ఒప్పందం మూడో అధికరణలో, శాస్త్ర పరిశీలనలూ ఫలితాలూ వీలైనంత మేరకు పరస్పరం ఇచ్చిపుచ్చుకుని అందరికీ స్వేచ్ఛగా అందుబాటులో ఉంచాలని స్పష్టంగా రాసుకున్నారు. భారత్ 1983లో అందులో చేరింది. స్వాల్‌బార్డ్‌కి అలాంటి మాట లేదు. 1920 ఒప్పందం ఐదో అధికరణ, పరిశోధనల షరతులపై ముందుముందు ఒడంబడికలు చేసుకోవాలంది. అవి ఇప్పటికీ జరగలేదు. అందుకే కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లో డేటా పంచుకోవడమంటే ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడుకోవడమే.

విశాఖలో సముద్రశాస్త్రం చదివి ఏళ్లుగా మూరింగ్ డేటా చూస్తున్న ఒక మేడంతో ఫోన్లో చాలాసేపు మాట్లాడాను.

"బాబూ, పెట్టొద్దని నేననను. నా దగ్గరున్న అమ్మాయి థీసిస్ అయ్యేదాకా ఆ అంకెలు బయటికి రాకూడదు. అంతే నా బాధ."

"అంకెలు వద్దు మేడం. ఫలానా లోతులో, ఫలానా తేదీలనుంచి కొలతలున్నాయని మాత్రం ఇవాళే పెడదాం. ఎప్పుడు తెరవాలో తేదీ మీరే రాయండి."

"తేదీ రాస్తే దానికి కట్టుబడాలిగా?"

"అవును మేడం. ఆ తేదీ అందరికీ కనబడుతుంది."

కాసేపు ఆగి, "సరే, రాయి" అని తేదీ చెప్పారు. ఆ అమ్మాయి పేరు డేటాసెట్ రచయితల్లో ముందుండాలని షరతు పెట్టారు. అది న్యాయమే. చలిలో ఓడమీద నిలబడి పరికరాల్ని నీళ్లలోంచి తీసినవాళ్ల పేర్లు, వాళ్ల డేటాని వాడిన ప్రతి వ్యాసంలోనూ రావాలి. డీఓఐ ఉండాలని మేం అందరినీ ఒత్తిడి పెట్టేది కూడా ఇందుకే. ఫైలు చేతులు మారినా పేరు దాన్ని వదలకూడదు.

అక్టోబరు

ప్రస్తుతం ఎక్కడున్నాం: గాలి, రేడియేషన్, నీటి ఉష్ణోగ్రత-లవణత వరసలు సూచికలో ఉన్నాయి. ఎత్తు నియమం, సూర్యుడి గడియార పరీక్ష, జెండాల పట్టిక రోజూ రాత్రి నడుస్తున్నాయి. హిమానీనదాల డేటా ఇంకా ముట్టుకోలేదు. క్రోనెబ్రీన్ లాంటి కదిలే హిమానీనదం మీద, మంచు ఎంత పెరిగిందో తరిగిందో కొలవడానికి పాతిన కొయ్య ఏటా ముందుకి జరిగిపోతుంది. "స్థలం" అనే గడిలో ఒక్క బిందువే పట్టే మా పట్టికలో దానికి చోటు లేదు. కదిలే స్థలానికి తేదీతో కూడిన బాట కావాలి. పట్టిక రూపం మార్చాలి.

పోటు పరీక్ష తేలాక ఇండ్‌ఆర్క్ ప్రెషర్ వరసని తీరంలోని కొలమానంతో పోలుస్తాం. హిమానీనదాల పట్టిక ముసాయిదా ఆ తర్వాత. కొయ్యలు పాతి కొలిచే పనిలో అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా తెలుగులో దొరికితే, ముసాయిదా ముందు వాళ్లకే చూపించాలని ఉంది.